బారిటోన్ గొంతు, డెబ్బై వాద్యాలు, చేతిలో మైకు: బ్రాడ్‌వే పాటల కచేరీపై చర్చ

ఎడిసన్ శ్రోత

సభ్యులందరికీ నమస్కారం. పోయిన శనివారం మా దంపతులం ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న ఒక పెద్ద హాలులో కచేరీకి వెళ్లి వచ్చాం. పాడినవారు ఒపేరా రంగం నుంచి వచ్చిన బారిటోన్, అంటే మగ గొంతుల్లో మధ్యస్థాయి గొంతు గల గాయకుడు. వెనుక డెబ్బై మందికి తక్కువ కాని సింఫనీ వాద్యబృందం ఉంది. పాడినవన్నీ న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వే సంగీత నాటకాల పాటలే. విరామానికి ముందు ‘ఓక్లహోమా’, ‘సౌత్ పసిఫిక్’, ‘షో బోట్’ పాటలు, తర్వాత ‘కరౌసెల్’, ‘కామెలాట్’, ‘లే మిజరాబ్ల’, ‘మ్యాన్ ఆఫ్ లా మంచా’ పాటలు వచ్చాయి. గాయకుడు లోపలికి వెళ్లి గొంతుకు విశ్రాంతినిచ్చుకున్నప్పుడల్లా వాద్యబృందం ‘క్యాండీడ్’ ఓవర్చర్ (నాటకారంభంలో వచ్చే వాద్యసంగీతం), ‘కరౌసెల్’ వాల్ట్జ్ వంటివి వాయించింది. సంగీతం విషయంలో ఏ లోటూ లేదు. నన్ను వెంటాడుతున్నది వేరే సందేహం.

ఆయన సాయంత్రమంతా చేతిలో మైకు పట్టుకునే పాడారు. మనిషి వేదిక నడుమ నిలబడి ఉంటే గొంతు మాత్రం పైన రెండు పక్కలా వేలాడదీసిన స్పీకర్ల నుంచి వచ్చింది. కళ్లు ఒకచోట, చెవులు ఇంకొకచోట ఉన్నట్టయింది. వయొలిన్లు, ఫ్రెంచ్ హార్న్‌లు మాత్రం తామున్న చోటి నుంచే సహజంగా వినిపిస్తున్నాయి. అన్నీ అయ్యాక చప్పట్లు ఆగకపోవడంతో ఆయన మళ్లీ వచ్చి, మైకును పియానో మూత మీద పెట్టేసి, ‘సౌత్ పసిఫిక్’లోని ‘దిస్ నియర్లీ వాజ్ మైన్’ పాటను తీగ వాద్యాల తోడుతో మాత్రమే పాడారు. మేము రెండో బాల్కనీలో కూర్చున్నా ప్రతి మాటా స్పష్టంగా చేరింది. అలా పాడగలిగిన మనిషికి అంతసేపూ మైకు ఎందుకు కావలసి వచ్చిందో తెలిసినవారు చెప్పగలరు.

వెనుక వరుస వయోలా

ఎడిసన్ శ్రోత గారికి నమస్కారం. నేను షికాగో శివార్లలోని ఒక ఔత్సాహిక వాద్యబృందంలో వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద తీగ వాద్యం) వాయిస్తాను. ఇటువంటి కచేరీలలో గాయకుడి వీపు చూస్తూ కూర్చునేదాన్ని కాబట్టి, వేదిక మీది నుంచి నాకు తెలిసినంత చెబుతాను.

ఈ పాటలు పుట్టిన నాటకశాలల్లో వాద్యకారులు వేదికకు ముందు, దిగువనున్న గుంటలో కూర్చునేవారు. వాళ్ల ధ్వని పైకి లేచి, గోడలకు తగిలి, కొంత మెత్తబడి హాలులోకి వెళ్లేది. నటుడి గొంతు వాళ్ల తల మీదుగా నేరుగా ప్రేక్షకుడిని చేరేది. పైగా వాద్యకారులు ఇంతమంది ఉండేవారు కాదు. 2008లో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో ‘సౌత్ పసిఫిక్’ను మళ్లీ ప్రదర్శించినప్పుడు, మొదటినాటి వాద్యరచనను ముప్పై మందితో వాయించడమే ఒక విశేషంగా చెప్పుకున్నారు. మీరు చూసిన కచేరీలో అంతకు రెట్టింపు మంది గాయకుడి వెనుక, అతనితో సమానమైన ఎత్తులో, కొందరు అతనికన్నా ఎత్తైన మెట్ల మీద ఉన్నారు. ట్రంపెట్లు, ట్రాంబోన్ల మూతులు సరిగ్గా అతని వీపు వైపు తిరిగి ఉంటాయి.

రెండో కారణం వాద్యరచన. ‘షో బోట్’, ‘ఓక్లహోమా’, ‘సౌత్ పసిఫిక్’ మూడింటికీ ఆ పని చేసినవారు రాబర్ట్ రసెల్ బెన్నెట్. స్వరకర్త ఇచ్చిన బాణీని ఏ వాద్యం ఎక్కడ వాయించాలో నిర్ణయించడం ఆయన వృత్తి. గాయకుడు నోరు తెరిచిన చోట వాద్యాలను పలచబరచి, ఊపిరి తీసుకునే చోట క్లారినెట్‌తోనో, వయొలిన్లతోనో చిన్న పలుకు వేయించడం ఆయన పనితనం. పాప్స్ కచేరీలలో, అంటే సింఫనీ బృందం తేలికైన, అందరికీ తెలిసిన పాటలు వాయించే కచేరీలలో, అన్నిసార్లూ ఆ మూలప్రతిని వాయించరు. సింఫనీ బృందానికి సరిపోయేలా తర్వాత ఎవరో బలంగా తిరగరాసిన ప్రతులు కూడా వస్తాయి. వాటిలో గాయకుడు పాడుతున్నప్పుడు కూడా హార్న్‌లు మోగుతూనే ఉంటాయి. దానికి తోడు డ్రమ్స్, బాస్ గిటార్ ఉంటే, మైకు లేకుండా పాడమని అడిగే ధైర్యం ఏ కండక్టరూ చేయరు.

ధ్వనిశాస్త్రం

వయోలా గారు చెప్పినదానికి భౌతికశాస్త్రం వైపు నుంచి కొంత చేరుస్తాను. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో ఒపేరా గాయకుల గొంతులను కొలిచి ప్రచురించిన ఫలితాలు ఈ ప్రశ్నకు సూటిగా వర్తిస్తాయి. పెద్ద వాద్యబృందపు ధ్వనిశక్తి సగటున 500 హెర్ట్జ్ (సెకనుకు 500 కంపనాలు) పరిసరాల్లో అత్యధికంగా ఉండి, ఆ పైన క్రమంగా పడిపోతుంది. శిక్షణ పొందిన పురుష గాయకుడు స్వరపేటికను కొద్దిగా దించి, గొంతు లోపలి భాగాన్ని వెడల్పు చేసి పాడినప్పుడు, 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో శక్తి ఒక్కసారిగా ఎత్తుకుంటుంది. వాద్యాలు బలహీనపడే చోటే గొంతు బలపడుతుంది. మన చెవి కూడా ఆ ప్రాంతంలోనే అత్యంత చురుకుగా పనిచేస్తుంది. ఎనభై వాద్యాల మీదుగా ఒక్క గొంతు మైకు లేకుండా వినిపించడానికి మూలం ఇదే. అరిచి బలం తెచ్చుకోవలసిన పని ఉండదు.

అయితే దీనికి చెల్లించవలసిన మూల్యం ఒకటి ఉంది. గొంతును అలా అమర్చుకుంటే అచ్చుల రంగు మారుతుంది, మాట గుండ్రంగా, బరువుగా వస్తుంది. మామూలుగా మాట్లాడే తీరులో, పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు పాడితే ఆ 3,000 హెర్ట్జ్ బలం దాదాపుగా మాయమవుతుంది. బ్రాడ్‌వే పాటలో కథ, మాట, హాస్యం ముఖ్యం కనుక గాయకుడు రెండింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. మైకు పట్టుకున్నంతసేపూ ఆయన రెండో పద్ధతిలో పాడి ఉంటారని, చివరి పాటకు మొదటి పద్ధతికి మారి ఉంటారని నా ఊహ. ఎడిసన్ శ్రోత గారు ఆ తేడా గమనించారా?

ఎడిసన్ శ్రోత

మీరు అడిగాక గుర్తు చేసుకుంటే అవుననే అనిపిస్తోంది. మైకుతో పాడినప్పుడు ఆయన ఒక్కో పదాన్ని తేలికగా వదిలేస్తూ, కొన్ని చోట్ల దాదాపు మాట్లాడుతూ పాడారు. పై స్థాయికి వెళ్లినప్పుడల్లా మైకును నోటి నుంచి ఛాతీ దాకా దించి, మళ్లీ దగ్గరకు తెచ్చుకున్నారు. చివరి పాటలో నిలబడిన తీరే మారింది. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, చేతులు పక్కకు వదిలి, చూపు నేరుగా బాల్కనీ వైపు ఉంచారు. గొంతు మరింత చిక్కగా, నిండుగా వినిపించింది. నా శ్రీమతి “ఇది ఇంకొక మనిషి గొంతులా ఉంది” అంది.

డల్లాస్ నాటకాభిమాని

ఇప్పటిదాకా వచ్చిన సమాధానాలు చదివితే, మైకు లేని పాట ఉత్తమం, మైకు ఉన్న పాట ఏదో సర్దుబాటు అన్న అభిప్రాయం కలుగుతోంది. నేను దీనితో ఏకీభవించను. ఆ కచేరీలో పాడిన పాటలన్నీ ఒకే కాలానివి కావు. ‘ఓక్లహోమా’ 1943 నాటిది. ‘లే మిజరాబ్ల’ ఆంగ్ల రూపం లండన్ బార్బికన్‌లో 1985లో మొదలైంది. ఆ నాటికి ఒంటికి తగిలించే మైకులు, సింథసైజర్లు సంగీత నాటకంలో సర్వసాధారణమయ్యాయి. పోలీసు అధికారి జావేర్ పాడే ‘స్టార్స్’ పాట తనలో తాను చేసుకునే ప్రార్థనలా మొదలై ప్రతిజ్ఞలా ముగుస్తుంది. ఆ మొదటి పంక్తులు ఎంత తగ్గు స్వరంలో పాడితే పాత్ర అంత భయం పుట్టిస్తుంది. మైకు లేకుండా, డెబ్బై మంది ముందు, మూడో అంతస్తుకు వినిపించేలా ఆ ఆరంభాన్ని పాడితే జావేర్ మొదటి మాటకే ప్రతిజ్ఞ చేసేసినట్టుంటుంది.

1995 అక్టోబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఆ నాటకపు పదో వార్షికోత్సవ కచేరీ జరిగింది. రాయల్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం వేదిక మీదే ఉంది, గాయకులు వేషాలు వేసుకుని ముందు వరుసలో నిలబెట్టిన మైకుల దగ్గరకు వచ్చి పాడి వెళ్లారు. ఆస్ట్రేలియాకు చెందిన బారిటోన్ ఫిలిప్ క్వాస్ట్ అందులో జావేర్. ఆ వీడియో చూసినవారెవరూ మైకు వల్ల ఆయన గొంతుకు అన్యాయం జరిగిందని అనరు. ఎడిసన్ శ్రోత గారికి ఇబ్బంది కలిగించినది మైకు కాదనీ, స్పీకర్లను అమర్చిన తీరనీ నా అభిప్రాయం. వేదిక ముందంచున చిన్న స్పీకర్లు పెట్టి, పై స్పీకర్ల ధ్వనిని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే గొంతు మనిషి నుంచే వస్తున్నట్టు చెవి నమ్ముతుంది.

ధ్వనిశాస్త్రం

డల్లాస్ వారు చెప్పిన చివరి మాట పూర్తిగా నిజం. ఏ దిక్కు నుంచి ధ్వని ముందుగా చేరితే మనం ఆ దిక్కునే మూలంగా భావిస్తాం. హాస్ ప్రభావం అని దీన్ని పుస్తకాల్లో చదువుతాం. ఒక చిన్న చేర్పు: సింఫనీ హాళ్లు మైకు కోసం కట్టినవి కావు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్‌ను వాలెస్ సబీన్ అనే భౌతికశాస్త్రవేత్త సలహాతో, ప్రతిధ్వని ఎంతసేపు నిలవాలో ముందే లెక్కకట్టి నిర్మించారు. అటువంటి హాలులో ధ్వని పూర్తిగా అణగిపోవడానికి రెండు సెకన్లకు కాస్త తక్కువ పడుతుంది. వయొలిన్లకు అది వరం. స్పీకర్ల నుంచి వచ్చే వేగమైన మాటలకు మాత్రం అదే శాపం, ఒక పదం తోక మీద ఇంకొక పదం పడుతుంది.

తెనాలి పద్యాభిమాని

పెద్దలందరికీ నమస్కారాలు. నాకు బ్రాడ్‌వేతో పరిచయం తక్కువ. మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు కాబట్టి, మైకు విషయంలో మన రంగస్థలం ఏం చేసిందో ఒక మాట చెప్పాలనిపించింది.

మైకులు రాని రోజుల్లో మన కృష్ణుడూ, అర్జునుడూ కూడా వేలమందికి వినిపించేలా పాడవలసి వచ్చింది. మనవారు ఎంచుకున్న మార్గం శ్రుతి పెంచడం. పద్యాన్ని తారస్థాయిలో ఎత్తి, రాగాలాపనను అక్కడే నిలిపి పాడేవారు. అందుకే పాతతరం రంగస్థల గాయకుల రికార్డులు వింటే గొంతులు సన్నగా, పదునుగా ఉంటాయి. ధ్వనిశాస్త్రం గారు వివరించిన పద్ధతిలో మంద్రంగా ఉంటూనే దూరం వెళ్లే గొంతు మన వేదిక మీద అరుదు. సినిమా స్టూడియోలో మైకు ముందు నిలబడ్డాకే ఘంటసాల గారి వంటి నిండైన, బరువైన గొంతుకు పద్యం పాడడానికి రాజమార్గం దొరికిందని మా నాన్నగారు అనేవారు. డల్లాస్ వారి వాదానికి ఇది కొంత బలమే అనుకుంటాను. మైకు వచ్చి కొన్ని గొంతులను పాడు చేసి ఉండవచ్చు గాని, కొన్నింటికి ప్రాణం పోసింది.

ఇంకొక సందేహం. పద్యం బాగుంటే మన ప్రేక్షకులు “వన్స్ మోర్” అని కేకలు వేసి నాటకం మధ్యలోనే మళ్లీ పాడించుకుంటారు. అక్కడ అలా అడగవచ్చా?

డల్లాస్ నాటకాభిమాని

పాట మధ్యలో గాని, రెండు పాటల నడుమ గాని అలా అడిగే ఆచారం ఇక్కడ లేదండి. చప్పట్లు కొడుతూ నిలబడితే చివర ఒకటి రెండు పాటలు అదనంగా పాడతారు. వాటి కోసం వాద్యబృందం స్టాండ్ల మీద ప్రతులు ముందే సిద్ధంగా ఉంటాయి, కనుక ఆ “అనుకోని” పాట అనుకోనిదేమీ కాదు!

బెజవాడ గాత్రం

బారిటోన్ అంటే బాగా లోతైన గొంతని మన దగ్గర చాలామంది అనుకుంటారు. లోతైనది బాస్, ఎత్తైనది టెనర్. బారిటోన్ ఆ రెండింటి నడుమ గొంతు, మగవారిలో ఎక్కువమందిది ఇదే. స్థూలంగా చెప్పాలంటే ఒకటిన్నర నుంచి రెండు సప్తకాల వరకు హాయిగా తిరుగుతుంది. కర్ణాటక సంగీతంలో ఒకటి శ్రుతికి పాడే గాయకుడు మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా వెళతాడు కదా. పియానో మెట్ల మీద కొలిస్తే అది దాదాపు బారిటోన్ పరిధే. అంటే పరిధిలో తేడా ఏమీ లేదు. మనవాళ్లు గమకాన్ని, వాళ్లు ధ్వని నిండుదనాన్ని సాధన చేస్తారు. నేను బ్రాడ్‌వే బారిటోన్ల పాటలు విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలిగించేది వాళ్ల తారస్థాయి కాదు, మంద్రంలో కూడా మాట చెదరకపోవడం.

ఎడిసన్ శ్రోత

అందరికీ కృతజ్ఞతలు. విరామానికి ముందు పాడిన ‘ఓల్ మ్యాన్ రివర్’ గురించి కూడా అడగాలనుకున్నాను. గాయకుడు తెల్లజాతివారు. ఆ పాట మిసిసిపీ రేవులో మూటలు మోసే నల్లజాతి కూలీది. పాడే ముందు ఆయన కొన్ని మాటలు మార్చి పాడతామని, ఎందుకో కార్యక్రమ పుస్తకంలో చదవమని చెప్పారు. విరామంలో వెతికితే రెండు వాక్యాలే ఉన్నాయి.

లండన్ నివాసి

ఈ విషయం రెండు వాక్యాలలో తేలేది కాదు. ‘షో బోట్’ 1927 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రారంభమైంది. స్వరకర్త జెరోమ్ కెర్న్ ఆ పాటను నల్లజాతి అమెరికన్ గాయకుడు పాల్ రోబ్సన్ గొంతును మనసులో పెట్టుకునే కట్టారు. మొదటి ప్రదర్శనల్లో మాత్రం జూల్స్ బ్లెడ్‌సో పాడారు. రోబ్సన్ 1928లో మా లండన్ డ్రూరీ లేన్ నాటకశాలలో ఆ పాత్ర వేశారు, 1936 నాటి చలనచిత్రంలోనూ పాడారు. మూల రచనలో నల్లజాతివారిని కించపరిచే పదం ఉంది. ఆ పదం తర్వాతి ప్రదర్శనల్లో, చిత్రాలలో మారుతూ వచ్చింది. రోబ్సన్ అంతటితో ఆగలేదు. 1930ల చివరి నుంచి తన కచేరీలలో ఆ పాట ముగింపునే మార్చేశారు. బతుకు మీద విసుగు, చావంటే భయం అని నిట్టూర్చే కూలీ, ఆయన గొంతులో చచ్చేదాకా పోరాడతాననే మనిషి అయ్యాడు. అదే బాణీ. చివరి పంక్తుల వల్ల పాట తిరగబడింది.

అందుచేత ఈనాడు ఏ బారిటోన్ ఈ పాటను ఎత్తుకున్నా ఏ మాటలతో పాడుతున్నాడన్న ప్రశ్న తప్పదు. తెల్లజాతి గాయకులు దీన్ని పాడకూడదనేవారు ఉన్నారు. నేను అంత దూరం పోను గాని, పాడితే ఆ చరిత్ర తెలిసినట్టు పాడాలి. ఒట్టి గంభీరమైన గొంతు ప్రదర్శనగా పాడితే నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది. 1951 నాటి రంగుల చిత్రంలో విలియం వార్‌ఫీల్డ్ పాడినది ఒకసారి వినండి. తొందర లేదు, ఒత్తిడి లేదు, ఒక్కో పంక్తి నీటి మీద బల్లకట్టులా కదులుతుంది.

మనకు తెలిసిన సంబంధం కూడా ఒకటి ఉంది. భూపేన్ హజారికా కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో రోబ్సన్‌ను కలిశారు. ఆ ప్రభావంతోనే బ్రహ్మపుత్రను నిలదీసే అస్సామీ పాట, తర్వాత ‘గంగా బెహతీ హో క్యోఁ’ పుట్టాయి. మిసిసిపీ నది మీది కూలీ అడగలేని ప్రశ్నను హజారికా గంగను అడిగారు.

నిర్వాహకుడు

చర్చ చక్కగా సాగుతోంది. కచేరీలలో దొంగచాటుగా తీసిన వీడియోల లంకెలు ఇక్కడ పెట్టవద్దని మనవి. ఇద్దరు సభ్యుల సందేశాల నుంచి వాటిని తొలగించాను.

వెనుక వరుస వయోలా

‘కరౌసెల్’లోని ‘సొలిలొక్వీ’ గురించి ఎవరూ మాట్లాడలేదు. బారిటోన్ కచేరీలో అసలు పరీక్ష అదే. ఏడెనిమిది నిమిషాలపాటు ఒక్కడే పాడాలి, తోడు గొంతు లేదు, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి వాద్యాల విరామమూ పెద్దగా ఉండదు. తండ్రి కాబోతున్నానని తెలిసిన బిల్లీ అనే మొరటు మనిషి పుట్టబోయేది కొడుకని ఊహించుకుని గొప్పలు పోతాడు. ఉన్నట్టుండి కూతురైతే ఏమిటన్న ఆలోచన వచ్చి నిలిచిపోతాడు. అక్కడ లయ తెగుతుంది, సంగీతం మెత్తబడుతుంది. ఆఖరున ఆ కూతురి కోసం డబ్బు ఎలాగైనా తేవాలన్న తెగింపుతో పై స్థాయికి ఎగబాకుతుంది. 1945లో ఆ పాత్ర వేసిన జాన్ రైట్ పరీక్ష కోసం రోసీనీ ఒపేరాలోని ఫిగారో పాట పాడి, ఈ నాటకం రాసిన రాడ్జర్స్, హామర్‌స్టైన్‌లను మెప్పించారని చెబుతారు. ఒపేరా గొంతూ, వీధి మనిషి మాటతీరూ రెండూ కావలసిన పాట ఇది.

వాద్యకారులకు ఇది ఎందుకు కష్టమో చెబుతాను. పాప్స్ కచేరీలకు సాధారణంగా ఒకటి రెండు రిహార్సళ్లే ఉంటాయి. అద్దెకు తెచ్చిన ప్రతుల మీద అంతకుముందు వాయించిన బృందాల పెన్సిలు గీతలు ఉంటాయి. ఒక గాయకుడు ఆగిన చోట కళ్లజోడు బొమ్మ వేసి ఉంటుంది, “కండక్టరును చూడు” అని దాని అర్థం. మన గాయకుడు అక్కడ ఆగకపోవచ్చు. అతను ప్రేక్షకుల వైపు తిరిగి ఉంటాడు కనుక కండక్టరుకు కనిపించేది చెంప, భుజం మాత్రమే. భుజం లేచిందంటే ఊపిరి తీసుకున్నాడని, ఎంత లోతుగా లేచిందో చూసి తర్వాతి పంక్తి ఎంత సాగదీస్తాడో అంచనా వేయాలి. మంచి కండక్టరు ఎడమ అరచేతిని కిందికి వాల్చి మమ్మల్ని తగ్గిస్తూ, కుడిచేతి కర్రను గాలిలో పట్టుకుని ఉంటారు. మేము విల్లును తీగ మీద ఆనించి కదపకుండా కాచుకుంటాం. కూతురి మాట వచ్చే చోట అలా ఎన్ని క్షణాలు ఆగాలన్నది ప్రతి గాయకుడితోనూ మారుతుంది. మైకు ఉంటే ఒక చిక్కు తగ్గుతుంది, ఇంకొకటి పెరుగుతుంది. గొంతు ముందున్న స్పీకర్లకు వెళ్లిపోతుంది కాబట్టి వెనుక వరుసలో ఉన్న మాకు గాయకుడి మాట సరిగా వినబడదు. చూపు మీదే ఆధారపడాలి.

శ్రుతి సంగతి కూడా చెప్పాలి. హార్మోనియం మెట్టు మార్చినట్టు వాద్యబృందం అప్పటికప్పుడు శ్రుతి మార్చలేదు. గాయకుడు అరమెట్టు దించమంటే డెబ్బై మందికీ కొత్త ప్రతులు రావాలి. దొరికిన ప్రతి ఏ శ్రుతిలో ఉందో చూసుకునే చాలామంది కార్యక్రమంలో పాటలను ఎంచుకుంటారు.

డల్లాస్ నాటకాభిమాని

ఒపేరా గాయకులు ఈ పాటలు పాడడం గురించి నాకు ఒక ఫిర్యాదు ఉంది. చాలామంది వీటిని పైనుంచి కిందికి దిగివచ్చి పాడుతున్నట్టు పాడతారు. ఆంగ్లంలో లేని విధంగా ‘ర’కారాన్ని తిప్పడం, హాస్యపు పంక్తిని కూడా శోకంలా సాగదీయడం వినలేం. స్వరకర్త బెర్న్‌స్టైన్ స్వయంగా నిర్వహించిన 1980ల నాటి ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ రికార్డింగులో న్యూయార్క్ వీధి కుర్రవాడి పాత్రకు స్పెయిన్ టెనర్ హోసే కారేరాస్ ఉచ్చారణ ఎంత చర్చకు దారితీసిందో పాతవారికి గుర్తుండే ఉంటుంది. టెనర్ల సంగతి అలా ఉంటే, బారిటోన్లలో నయమైన ఉదాహరణలు ఉన్నాయి. వేల్స్‌కు చెందిన బ్రిన్ టెర్ఫెల్ 1996లో రాడ్జర్స్, హామర్‌స్టైన్ పాటలతో తెచ్చిన ఆల్బమ్‌లో గొంతు పెద్దదే అయినా మాట పాత్రదే. బ్రెజిల్ బారిటోన్ పాలో షాట్ ఒపేరా నుంచి వచ్చి 2008 ‘సౌత్ పసిఫిక్’కు బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ పురస్కారం అందుకున్నారు. అసలు అందులోని నాయకుడి పాత్ర మొదలే ఒపేరా మనిషితో. 1949లో దాన్ని మొదట వేసిన ఎజియో పింజా అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా మెట్రోపాలిటన్ ఒపేరాలో పాడిన బాస్.

లండన్ నివాసి

డల్లాస్ వారి ఫిర్యాదు న్యాయమే. మాటకూ, వాద్యాలకూ సరైన తూకం ఎలా ఉంటుందో ఇంట్లో వినాలనుకునేవారికి జాన్ విల్సన్ నిర్వహించిన ‘ఓక్లహోమా’ రికార్డింగు మంచి దారి. 2023లో వచ్చింది. బెన్నెట్ మూల వాద్యరచననే పూర్తిగా వాయించారు. గాయకుడి కింద వాద్యాలు ఎంత పలచగా ఉంటాయో, వయోలా గారు చెప్పిన ఊపిరి చోట్ల పలుకులు ఎలా వస్తాయో హెడ్‌ఫోన్లతో వింటే స్పష్టంగా తెలుస్తుంది.

కొత్త సభ్యురాలు, బోస్టన్

నేను ఎప్పుడూ ఇటువంటి కచేరీకి వెళ్లలేదు. వచ్చే నెల మా అమ్మానాన్నలు హైదరాబాదు నుంచి వస్తున్నారు. వాళ్లకు ఆంగ్ల పాటలు కొత్త. మా బాబుకు ఎనిమిదేళ్లు. తీసుకువెళ్లవచ్చా? ఏం కట్టుకోవాలి, ఎప్పుడు చప్పట్లు కొట్టాలి?

వెనుక వరుస వయోలా

తప్పకుండా తీసుకువెళ్లండి. సింఫనీల మధ్యలో చప్పట్లు కొట్టకూడదన్న నియమం పాప్స్ కచేరీలలో లేదు, ప్రతి పాటకూ కొడతారు. పట్టుచీర కట్టుకున్నా, చొక్కా ప్యాంటుతో వెళ్లినా ఎవరూ వింతగా చూడరు. సమయానికి పది నిమిషాలు ముందుండండి. ఆలస్యమైతే పాట అయ్యేదాకా తలుపు బయటే నిలబెడతారు. మీ ఊళ్లోని బోస్టన్ పాప్స్ 1885 నుంచి ఉన్న బృందం. వాళ్ల వసంతకాలపు కచేరీలకు సింఫనీ హాల్ కింది అంతస్తులో కుర్చీలు తీసి బల్లలు వేస్తారు, తింటూ తాగుతూ వినవచ్చు. బాబుకు ఆ బల్లల దగ్గర చోటైతే కదలడానికి స్వేచ్ఛ ఉంటుంది. మీ అమ్మానాన్నలకు ముందు రోజు పాటల సందర్భాలు తెలుగులో రెండు మాటల్లో చెప్పండి. ఎవరు ఎవరితో ఎందుకు పాడుతున్నారో తెలిస్తే భాష అంతగా అడ్డురాదు.

ఎడిసన్ శ్రోత

ఈసారి అదే గాయకుడు శరత్కాలంలో ఇంకొక హాలులో పాడుతున్నారు. ప్రకటనలో వాద్యబృందం “నాటకశాల పరిమాణంలో” ఉంటుందని, మైకు వాడరని రాశారు. టికెట్లు ఇంకా ఉన్నాయి. ఎక్కడ కూర్చుంటే మేలు?

ధ్వనిశాస్త్రం

మైకు లేదంటే మొదటి నాలుగైదు వరుసలు వదిలేయండి. అక్కడ వయొలిన్లు గొంతును కప్పేస్తాయి, పైగా గాయకుడి ధ్వని మీ తల మీదుగా వెళ్లిపోతుంది. బాల్కనీ కింద లోపలికి ఉండే వరుసలూ వద్దు, పైకప్పు తక్కువ కావడంతో ప్రతిధ్వని అందదు. మొదటి బాల్కనీ ముందు వరుసల్లో, వీలైనంత నడుమకు తీసుకోండి. ధర ఎక్కువనిపిస్తే పై బాల్కనీ నడుమ భాగం. పక్క బాక్సులు మాత్రం తీసుకోకండి. గాయకుడు మీ వైపు తిరిగినప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, అవతలికి తిరిగాడంటే మీకు మిగిలేది ట్రాంబోన్లే.

డల్లాస్ నాటకాభిమాని

కార్యక్రమంలో ‘స్టార్స్’ కూడా ఉంటే, మైకు లేకుండా దాని ఆరంభం ఎలా పాడారో వచ్చి ఇక్కడ రాయండి. నా వాదం ఓడిపోతే ఒప్పుకుంటాను.